తల్లిరొయ్యల కూర

మా సముద్రంలో రొయ్యలకు కరువు లేదు. కానీ ఇప్పుడు చెరువుల్లో పెంచే రొయ్య మా సముద్రంది కాదు. దాని తల్లులు అమెరికాలో, శుద్ధి చేసిన నీళ్ళల్లో, రోగం రొష్టు తెలియకుండా పెరుగుతాయి. అక్కడ వాటిని ప్లాస్టిక్ సంచుల్లో వేసి, కొంచెం నీళ్ళు, మిగతా అంతా ఆక్సిజన్ నింపి, థర్మాకోల్ పెట్టెల్లో పెట్టి విమానం ఎక్కిస్తారు. అది సరుకుల విమానం కాదు, మామూలు మనుషులు ఎక్కేదే. పైన జనం కూర్చుని సినిమాలు చూస్తుంటారు. కింద వాళ్ళ సూట్‌కేసుల పక్కన మా తల్లిరొయ్యలు చీకట్లో ఉంటాయి. చెన్నైలో దిగాక కొన్ని రోజులు క్వారంటైన్‌లో పెట్టి, రోగం లేదని తేలాక మాకిస్తారు. లారీలో తెచ్చుకుని గుడ్లు పెట్టించి, పిల్లల్ని రైతులకు అమ్ముకుంటాం.

సముద్రానికీ బకింగ్‌హాం కాలువకూ మధ్య ఇసుక మీద కట్టిన ఒక హ్యాచరీలో నేను మేనేజర్ని. తల్లిరొయ్యల్ని తెప్పించే పనంతా నాదే. విమానం బుక్ చేయడం, చెన్నైలో ఏజెంటుతో మాట్లాడటం, లారీ పంపడం, అన్నీ. మా సొంతూరు కొడవలూరు పక్కన. మా నాన్న మిషన్ బడిలో పంతులు, ఆదివారాలు చర్చిలో పాట ఎత్తేవాడు. ఆయన గొంతు నాకు రాలేదు. తినబోయే ముందు కళ్ళు మూసుకుని దేవుడికి ఒక మాట చెప్పుకునే అలవాటు మాత్రం వచ్చింది. మెస్సులో అందరి మధ్య కూర్చున్నా అలాగే చేసేవాణ్ణి. దాన్నెవరూ పట్టించుకోలేదు, హ్యాచరీ యజమాని తప్ప.

ఆయన్ని మేమందరం అన్నా అనేవాళ్ళం. పనివాళ్ళలో ఎవరింట్లో చావైనా అన్న తప్పకుండా వచ్చేవాడు, వచ్చి నేల మీద కూర్చునేవాడు. అందుకే ఆయన మంచివాడని ఊళ్ళో పేరు. కోపం వస్తే ఆయన అరవడు. నవ్వుతాడు. ఆయన నవ్వితే మేమూ నవ్వాలి, కష్టమల్లా అదే. ఒకసారి ఒక పనివాడు పిల్లల ట్యాంకు శుభ్రం చేస్తూ నీళ్ళ పైపు తిప్పి పెట్టి మర్చిపోయాడు. పిల్లలు కొన్ని కాలవలోకి కొట్టుకుపోయాయి. అన్న అతన్ని బట్టలతోనే ఖాళీ ట్యాంకులోకి దించి, మెడ దాకా నీళ్ళు నింపించి, "పిల్లకాయలు ఎట్ట ఈదుతాయో ఈది చూపించు" అన్నాడు. అతను చేతులాడించాడు. చుట్టూ నిలబడి అందరం నవ్వాం. చివరికి అతను కూడా నవ్వాడు.

ఆ ఏడు అన్న స్వయంగా అమెరికా వెళ్ళి తల్లిరొయ్యల్ని చూసి ఎంచుకుంటానన్నాడు. వదిన కూడా బయల్దేరింది. ఆమెతో ఆమె చెల్లెలు, చెల్లెలి మొగుడు. రొయ్యలు ఒకరోజు చూస్తారు, మిగతా రోజులు ఊళ్ళు చూస్తారు. తిరిగి వచ్చేటప్పుడు రొయ్యల పెట్టెలూ తామూ ఒకే విమానంలో రావాలని అన్నకు ముచ్చట పుట్టింది.

"ఆ విమానం మధ్యలో యాడా ఆగదన్నా," అన్నాను. "పగలూ రాత్రీ కలిపి ఒకే ఎత్తున గల్ఫ్ దాకా వస్తది. అంత దూరానికి పెట్రోలే సగం బరువు. జనం ఎక్కువైతే ముందు దించేది సరుకునే. ఏజెంటు ఇంతకు ముందే చెప్పుండాడు. మనం ఎప్పుడూ వేసేదాంట్లోనే వేద్దాం, మధ్యలో ఒకచోట ఆగి వస్తది గానీ పెట్టెలు అక్కడే ఉండిపోవు."

"మధ్యలో దించి ఎక్కిస్తే వాటికి వేడి తగలదా?"

"అక్కడ మన కోసం మనిషి ఉంటాడన్నా. చల్లటి గదిలో పెడతాడు."

"నేను పైన కూర్చోనుంటే నా పెట్టెలు ఎవడు దించుతాడయ్యా? చెప్పింది చెయ్యి."

చెప్పింది చేశాను.

వాళ్ళు అమెరికా నుంచి తిరిగి బయల్దేరే రోజు నేను హ్యాచరీలోనే ఉన్నాను. ట్యాంకులు కడిగించి, నీళ్ళు పట్టించి, తల్లులు రాగానే మేపడానికి కణవ చేప ముక్కలు ఐసులో పెట్టించి, అంతా సిద్ధం చేసుకున్నాను. పొద్దున పది దాటాక చెన్నై ఏజెంటు ఫోన్ చేశాడు. ఆయన తెలుగులో కొంచెం అరవం కలుస్తుంది.

"సార్, ఫ్లైటు ఎగిరింది. మన బాక్సులు ఎక్కలా."

"ఎందుకని?"

"ఫుల్లు సార్. ఒక్క సీటు ఖాళీ లేదంట. ఎదురుగాలి బాగా ఉందని పెట్రోలు ఇంకా నింపినారు. బరువు దాటిపోయింది. కార్గో అంతా దించేసినారు."

"లగేజి దించలేదా?"

"అదెట్ట దించుతారు సార్? ప్యాసింజరు దిగి నా పెట్టె ఏది అంటే ఎవరు జవాబు చెప్పేది? కార్గో మాట్లాడదు గదా."

తర్వాతి విమానంలో ఎక్కించమని బతిమాలాను. రేపటిది కూడా నిండుగానే ఉంది, చూస్తాం అన్నారట. పెట్టెలు ప్యాక్ చేసిన కంపెనీ మనుషులు వాటిని అప్పజెప్పి తిరిగి వెళ్ళిపోయారు. విమానాశ్రయం షెడ్డులో సంచులు విప్పి మళ్ళీ ఆక్సిజన్ నింపే నాథుడు లేడు. సంచిలో గాలి ఎంతసేపు వస్తుందో నాకు తెలుసు. అన్నకు చెబుదామంటే ఆయన ఆకాశంలో ఉన్నాడు.

ఆయన్ని తీసుకురావడానికి కారులో చెన్నై వెళ్ళాను. నలుగురూ బయటికి వచ్చారు, నాలుగు ట్రాలీలు తోసుకుంటూ. ఒక్కో ట్రాలీ మీద మనిషెత్తు సూట్‌కేసులు. పగిలిపోకుండా వాటికి పచ్చ ప్లాస్టిక్ కాగితం చుట్టించారు. వదిన చెల్లెలు నన్ను చూసి నవ్వుతూ, "కౌంటర్లో పిల్ల ఇన్ని ఒప్పుకోనంటే ఒప్పుకోననింది. మా ఆయన అంత మాట్లాడి ఎక్కిచ్చినాడు," అంది. ఆమె భర్త ఆ మాటకు కొంచెం సిగ్గుపడి, "దుడ్డు కట్టినాం లే," అన్నాడు.

అన్న నా భుజం మీద చెయ్యి వేశాడు. "రొయ్యలు దిగినాయా?"

"లేదన్నా. అక్కడే ఉండిపోయినాయి. బరువెక్కువైందని దించేసినారంట."

ఆయన చెయ్యి తీయలేదు. "దోవంతా మా కిందనే ఉండాయి అనుకుంటా వచ్చినా," అన్నాడు. అని, నవ్వాడు.

సూట్‌కేసులు కారులో పట్టలేదు. ఇంకో బండి మాట్లాడి వాటిని అందులో వేయించి, నేను ఆ బండిలో కూర్చున్నాను. దొరవారిసత్రం దాటాక టీకి ఆపారు. అన్న టీ తాగుతూ నా వైపు చూడలేదు. నాకు టీ ఇమ్మని మాత్రం కొట్టువాడికి చెప్పాడు. నా పక్కన ఒక సూట్‌కేసు మీది కాగితం చిరిగి, మూత కొంచెం తెరుచుకుని ఉంది. అందులోంచి సబ్బుల వాసన వస్తూ ఉంది. ఇంటి దాకా ఆ వాసనలోనే వచ్చాను.

పెట్టెలు రెండు విడతలుగా వచ్చాయి, ఖాళీ దొరికిన రోజు కొన్ని, మళ్ళీ దొరికిన రోజు మిగతావి. క్వారంటైన్‌లో మూతలు తీస్తుంటే నేను పక్కనే ఉన్నాను. మొదటి పెట్టెలో నీళ్ళు పాలలా తెల్లబడిపోయి ఉన్నాయి. బతికున్న రొయ్య గాజుముక్కలా అవతలి వైపు కనబడేట్టు ఉంటుంది. చచ్చినది తెల్లగా, ఉడికినట్టు ఉంటుంది. సంచి తర్వాత సంచి తెల్లగానే బయటికి వచ్చింది. అక్కడి ఉద్యోగి మాస్కు కట్టుకుని వాటిని కాల్చే డబ్బాలోకి ఒంపాడు. కదులుతున్నవి సగానికంటే తక్కువ. వాటినే గడువు పూర్తయ్యాక లారీలో తెచ్చుకున్నాం.

వచ్చినవి కూడా సరిగ్గా లేవు. ట్యాంకు అడుగున పక్కకు ఒరిగి, కాళ్ళు మాత్రం ఆడిస్తూ ఉండేవి. మేత వేస్తే ఒకటి రెండు తప్ప దగ్గరికి వచ్చేవి కావు. పొద్దున వచ్చేసరికి కొన్ని తిరగబడి ఉండేవి. మధ్యాహ్నానికి ఇంకొన్ని. కొన్నింటి వీపులో గుడ్డు అప్పుడే పట్టడం మొదలైంది, నారింజరంగు గీతలాగా. గుడ్డు పట్టినదే ముందు పోయేది.

ఒకరోజు పొద్దున అన్న వచ్చి పనివాళ్ళందర్నీ ట్యాంకుల దగ్గరికి పిలిపించాడు. ల్యాబులోవాళ్ళు, మోటార్లు చూసేవాళ్ళు, మేత వేసేవాళ్ళు, మెస్సులో వండే అక్క, అందరూ వచ్చి గోడ వెంబడి నిలబడ్డారు. అప్పుడే చచ్చిన రొయ్యలు ఒక బుట్టలో ఉన్నాయి.

"చెప్పవయ్యా మేనేజరూ," అన్నాడు అన్న. "మనోళ్ళందరికీ అర్థమయ్యేట్టు చెప్పు. ఇవి ఎందుకు చచ్చినాయి?"

"ఆలస్యం అయిందన్నా. గాలి సాల్లేదు."

"ఎందుకు ఆలస్యమైంది?"

"విమానంలో బరువెక్కువైంది."

"ఎవరి బరువయ్యా?"

అక్కడ ఊరుకోవలసింది. ఆయన నన్ను ఎక్కడికి తీసుకుపోతున్నాడో నాకు తెలుసు. నేనే తప్పు చేశానని, బుకింగు సరిగా చేయలేదని నా నోటితో అనాలి. అంటే అయిపోయేది. కానీ వారం రోజులుగా చచ్చిన రొయ్యల్ని ఏరి ఏరి నా చేతులు వాసన కొడుతున్నాయి. నిద్ర లేదు. నిజం దానంతటదే నోట్లోంచి వచ్చేసింది.

"ప్యాసింజర్ల బరువన్నా. వాళ్ళ పెట్టెల బరువు. ముందు అవి ఎక్కుతాయి, మిగిల్తేనే సరుకు. మన సూట్‌కేసులన్నీ ఎక్కినాయి, మన రొయ్యలు దిగినాయి."

పనివాళ్ళలో ఎవరో గొంతు సవరించుకున్నారు. నిజానికి వదిన సూట్‌కేసు దిగి ఉంటే రొయ్యల పెట్టె ఎక్కి ఉండేదని నేననుకోను. అలాంటి సూట్‌కేసులు ఆ విమానం నిండా ఉన్నాయి, అందరివీ. కానీ ఆ మాట అప్పుడు చెప్పలేదు. చెప్పినా ఎవరూ వినే స్థితిలో లేరు.

అన్న తన పొట్ట మీద తట్టుకున్నాడు. "అయితే నేను కూడా బరువేనంటావా? నన్ను దించేసి నా సీట్లో రొయ్యల్ని కూర్చోబెట్టుంటే బాగుండు, గదా?"

అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. అన్న అది చూశాడు.

"అక్కా," అని వండే ఆమెను పిలిచాడు. "ఈ బుట్ట తీస్కపో. మంచి పులుసు పెట్టు. విమానం ఎక్కొచ్చిన రొయ్యలు, మనం పారేస్తే పాపం. ఈరోజు అందరికీ ఇదే కూర."

ఆమె కదల్లేదు. పక్కనున్న జాలర్ల పల్లె, పట్టపు కుప్పం మనిషి ఆమె. సముద్రం మీద బతికే ఇంట్లో పుట్టింది, చేపలు తోమడం చిన్నప్పటి పని. "అవి తినకూడదంటారు గదన్నా, ల్యాబోళ్ళు," అంది.

"ల్యాబోళ్ళు కూడా తింటారు. తీస్కపో."

పొద్దుటి నుంచి మెస్సు వైపు నేను వెళ్ళలేదు. కానీ వాసన వచ్చింది. చింతపండు, మామిడికాయ ముక్కలు, వేయించిన మెంతులు. సముద్రపు గాలి వీస్తూ ఆ వాసనని ట్యాంకుల మీదుగా మోసుకొచ్చింది. ట్యాంకుల్లో ఇంకా బతికున్నవి కాళ్ళు ఆడిస్తున్నాయి.

భోజనానికి అందరం బల్లల దగ్గర కూర్చున్నాం. మామూలుగా అన్న మెస్సులోకి ఎప్పుడైనా తొంగిచూసి పోయేవాడు, అంతే. ఆరోజు వచ్చి, గిన్నె తనే పట్టుకుని, నా పళ్ళెంలోనే ముందు వడ్డించాడు. ఆ రొయ్యలు చెరువు రొయ్యల్లా కాదు, అరచెయ్యంత ఉంటాయి. నాలుగు వేసేసరికి పళ్ళెం నిండింది. ఒకదాని తలలో గుడ్డు గట్టిపడి ఎర్రగా కనిపిస్తూ ఉంది. మిగతావాళ్ళకు వండే అక్క వడ్డించింది. ఎవరూ చెయ్యి పెట్టలేదు. నా వైపు చూస్తున్నారు.

"ప్రార్థన చెయ్యవయ్యా," అన్నాడు అన్న. "రోజూ చేస్తావు గదా, తినేముందు. ఈరోజు గట్టిగా చెయ్యి. మేము కూడా వింటాం."

"లోపల చేసుకుంటానన్నా."

"లోపల దేవుడు వింటాడు. మాకు వినపడొద్దా?"

కళ్ళు మూసుకున్నాను. నాన్న నేర్పిన మాటలు తప్ప ఏవీ గుర్తుకు రాలేదు. పరలోకమందున్న తండ్రీ, నీవు మాకిచ్చిన ఈ భోజనానికై నీకు వందనాలు, దీన్ని వండిన చేతుల్ని దీవించుము అన్నాను. గొంతు బాగానే వచ్చింది. అదే నాకు ఆశ్చర్యం. వణకలేదు, ఆగలేదు. చివర్న ఆమేన్ అన్నది నేను కాదు, అన్న. గట్టిగా, సాగదీసి అన్నాడు. నా పెదవులు ఎక్కడ ఆగుతాయో అన్నేళ్ళుగా గమనించి పెట్టుకున్నాడన్నమాట.

"ఇంక తిను."

తిన్నాను. నేను మొదటి ముద్ద నోట్లో పెట్టగానే అన్ని బల్లల మీదా చేతులు కదిలాయి. అన్న గోడకానుకుని నిలబడి చివరి దాకా చూశాడు. ఎవరో, "నువ్వు కూడా తిను అన్నా," అన్నారు. "నాకు కొలెస్ట్రాల్, డాక్టరు రొయ్యలు ఒద్దన్నాడు," అన్నాడు.

మా ఇల్లు మనుబోలులో. నా భార్య అక్కడి బడిలో టీచరు. సాయంత్రం ఇంటికి పోయి జరిగినదంతా చెప్పాను. ఆమె పిల్లల జవాబు కాగితాలు దిద్దుతూ వింది. పెన్ను కింద పెట్టలేదు. అంతా అయ్యాక, "రుచిగా ఉన్నాయా?" అని అడిగింది.

ఉన్నాయి. చాలా రుచిగా ఉన్నాయి. అలాంటి రొయ్య నేను మళ్ళీ తినలేదు. ఆ సంగతి ఆమెకు చెప్పలేక చొక్కా విప్పుకుని స్నానానికి పోయాను. తలుపవతల ఆమె కాగితం తిప్పిన చప్పుడు వినిపించింది.

మర్నాడు అన్న మిగిలిన ఆడరొయ్యలకు కన్ను తీయమన్నాడు. ఇది అన్ని హ్యాచరీల్లోనూ జరిగేదే. రెండు కళ్ళూ ఉన్న ఆడరొయ్య ట్యాంకులో తొందరగా గుడ్డు పెట్టదు. ఒక కన్ను తీసేస్తే గుడ్డు ఆగకుండా తయారవుతూనే ఉంటుంది. కాల్చిన పట్టకారుతో కంటికాడను నొక్కితే ఊడి వచ్చేస్తుంది, చిన్న చప్పుడుతో. రొయ్య చేతిలో ఒకసారి తన్నుకుంటుంది. బలంగా ఉన్న రొయ్య తట్టుకుంటుంది. ఇవి నిలబడలేని రొయ్యలు. ల్యాబు టెక్నీషియన్, "కొన్ని దినాలు ఆగుదాం అన్నా, కోలుకోనీండి," అని బతిమాలాడు.

"సీజను కోలుకుంటుందా?" అన్నాడు అన్న. తర్వాత నా వైపు తిరిగి, "మేనేజరూ, నువ్వు పట్టుకో. అతను తీస్తాడు," అన్నాడు.

పట్టుకున్నాను. తడిగుడ్డలో చుట్టి, తల బయటికి వచ్చేట్టు. ఒక్కొక్కదాని గుండె వేళ్ళకు తెలుస్తుంది, పైపెంకు అంత పల్చగా ఉంటుంది. టెక్నీషియన్ నా ముఖం చూడకుండా పని చేశాడు. పొద్దు వాలేసరికి అన్నీ అయిపోయాయి. మూడో పూటకు ట్యాంకు పైన తేలుతున్నాయి, ఒంటికంటివన్నీ. కొన్ని నీళ్ళల్లోనే గుడ్డు వదిలేసి పోయాయి. ఆ గుడ్లు పిల్లలు కాలేదు. వాటిని కూర వండమని అన్న చెప్పలేదు. అప్పటికి ఆ ముచ్చట తీరిపోయింది.

తల్లులు లేని హ్యాచరీలో పని లేదు. మళ్ళీ తెప్పించాలంటే సీజను దాటిపోతుంది. రైతులు వేరే హ్యాచరీల వైపు పోయారు. ఆ నెల అన్న నన్ను తన గదికి పిలిచి ఎవరెవర్ని మానిపించాలో నోటితో చెప్పాడు. మేత వేసేవాళ్ళు, మోటార్లవాళ్ళలో ఇద్దరు, వండే అక్క. "నువ్వే చెప్పు. నీ మాటంటే వాళ్ళకు గౌరవం," అన్నాడు.

గేటు దగ్గర నిలబడి ఒక్కొక్కరికీ చెప్పాను. మగవాళ్ళు నన్ను కాకుండా అన్నను తిట్టారు, ఆయన వినని చోట. వండే అక్క తిట్టలేదు. కొంగుతో చేతులు తుడుచుకుని, "ఆ దినం మీరు తినకుండా ఉండాల్సింది సార్," అంది.

"నేను తినకపోతే ఏమయ్యేది?"

"ఏమయ్యేదో నాకేం తెలుసు? మీరు తిన్నారని అందరూ తిన్నారు. మీరు పళ్ళెం తోసేసి లేచుంటే, నేను గిన్నె కింద పడేసుండేదాన్ని. గరిటె పట్టుకోని మీ వైపే చూస్తానే ఉండా. మీరు దేవుడికి దండం పెట్టి తిన్నారు."

చెప్పులు చేత్తో పట్టుకుని ఇసుకలో నడుచుకుంటూ కుప్పం వైపు వెళ్ళిపోయింది. నాకు ఆమె మీద కోపం వచ్చింది. ఆ కోపం చాలా రోజులుంది. అన్న మీద వచ్చినదానికంటే అదే ఎక్కువ.

అందరూ పోయాక నా వంతు. "నువ్వు కూడా కొంచెం రెస్టు తీసుకో," అన్నాడు అన్న. ఎంతకాలమో చెప్పలేదు. నేనూ అడగలేదు. నెల్లూరులో ఒక రొయ్యల మేతల కొట్లో కూర్చున్నాను, ఒక స్నేహితుడి మాట మీద. అక్కడికొచ్చే రైతులందరికీ ఆ కూర సంగతి తెలుసు. ఒకాయన నన్ను చూపించి పక్కాయనతో, "ఈ సారే, అమెరికా రొయ్యలు తిన్న సారు," అన్నాడు. ఎగతాళి కూడా కాదది. ఏ ఊరివాడో చెప్పినట్టు చెప్పాడు. నా భార్య ఆ నెలల్లో నన్ను ఒక్క మాట అనలేదు. అనకుండా ఉండటానికి ఎంత కష్టపడుతోందో కనిపించేది. మెస్సు భోజనం ఇప్పుడు లేదు గదా అని నాకు డబ్బా కట్టి ఇచ్చేది. అందులో ఎప్పుడూ కూరగాయలే.

కొత్త సీజను రాబోతుండగా అన్న ఫోన్ చేశాడు. మధ్యలో తన తోడల్లుణ్ణి నా సీట్లో కూర్చోబెట్టాడు. అదే, కౌంటర్లో మాట్లాడి సూట్‌కేసులు ఎక్కించినాయన. ఆయన బుక్ చేసిన పెట్టెలు కూడా ఒకసారి దిగిపోయాయట. ఎందుకు దిగాయో కనుక్కోవడానికి ఎవరికి ఫోన్ చేయాలో కూడా ఆయనకు తెలియలేదట.

"రావయ్యా," అన్నాడు అన్న. "ఏందో ఒక మాట అనుకున్నాం. అన్నదమ్ములు అనుకోరా?"

వెళ్ళాను. ఇంట్లో అడగలేదు. చెబితే, నా భార్య "ఊ" అంది.

ఇప్పుడు పెట్టెల్ని ఆ పెద్ద విమానంలో వేయను. మధ్యలో ఆగేదాంట్లోనే వేస్తాను. ఆగిన చోట ఎండ ఎంతుందో, గాలి ఎటుందో, పండుగ సెలవలకు జనం ఎంతమంది ఎక్కుతున్నారో చెన్నై ఏజెంటుకు ఫోన్ చేసి విసిగిస్తాను. అన్న చుట్టాలెవరైనా ప్రయాణం పెట్టుకుంటే ఏ రోజో ముందే కనుక్కుంటాను. ఆ రోజు మాత్రం మా పెట్టెలు కదలవు. కారణం ఎవరికీ చెప్పను, ఎవరూ అడగరు. దించేసే రోజులు ఇప్పటికీ వస్తాయి. అలాంటప్పుడు అన్న నా వైపు చూసి నవ్వుతాడు, నేనూ నవ్వుతాను. నవ్వడం వచ్చేసింది.

ఒకసారి బయటి హ్యాచరీల వాళ్ళు నలుగురు భోజనానికి వచ్చారు. అన్న వాళ్ళకు ఆ కథ చెప్పాడు. ఆయన చెప్పిన కథలో కూర వండించమన్నది నేనే. విమానం ఎక్కొచ్చిన రొయ్యల్ని పారేస్తే పాపమని ఏడ్చింది కూడా నేనే. "ప్రార్థన చేసి మరీ తిన్నాడు మావోడు," అన్నాడు. వాళ్ళు నన్ను మెచ్చుకున్నట్టు చూశారు. నేను వాళ్ళకు మజ్జిగ పోశాను.

మెస్సులో కొత్తగా పెట్టిన వంటమనిషి ఉప్పు తెలియనివాడు. పాత అక్కను పిలుచుకురమ్మని అన్న నన్నే పంపాడు. కుప్పంలో ఇంటి ముందు ఆమె వల మీద నెత్తళ్ళు ఆరబోస్తూ ఉంది. వచ్చిన పని చెప్పాను. జీతం పెంచుతాడని కూడా చెప్పాను, అన్న ఆ మాట అనకపోయినా.

ఆమె లేవలేదు. చేపల మీద వాలిన కాకిని చేత్తో అదిలించింది.

"నాకు ఈ నెత్తళ్ళు చాలు సార్," అంది. "మీకు ఆకలెక్కువ. మీరు పోండి."

బండి తిప్పుకుని వచ్చేశాను. ఆమె రానందని అన్నకు చెప్పాను. ఇంకెవరినైనా చూడమన్నాడు. చూశాను.